తువ్వాలు మీద గంటపువ్వు

“పుట్టేసిందట,” అంది అత్తయ్య, ఫోను పెట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి.

నేను బియ్యప్పిండి జిగురుతో బట్ట మీద గీతలు గీసే గట్టి కాగితపు గొట్టాలు కడుగుతున్నాను. తోమా నేలలో పాతిన నీలిబాన మీదికి వంగి దాని వాసన చూస్తున్నాడు. రోజూ పళ్ళు తోముకోగానే నా భర్త చేసే మొదటి పని అది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం.

“ఎవరండీ?” అన్నాను.

“ఎవరేంటమ్మాయ్, షిగెనో మామ్మగారి మునిమనవరాలు. మాయు కూతురు. ఆదివారమే పుట్టిందట. రెండు వారాలు ముందే వచ్చేసిందిగా, తూకం తక్కువగా ఉందని భయపడి ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు శుభ్రంగా పాలు తాగుతోందట. తల్లికంటే గట్టిగా అరుస్తోందట.”

నేను తడి చేతులతోనే వెళ్ళి తోమాని వాటేసుకున్నాను. ఆ పాపని నేనింతవరకూ చూడలేదు, వాళ్ళమ్మ మాయుని రెండుసార్లు చూశానంతే. అయినా ఆ సంతోషం నాదే అనిపించింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా సంగతి ఇలాగే ఉంది. పొద్దున్నే పొరుగాయన సైకిలు గంట విన్నా, పులుసులో గుల్లలు నోళ్ళు తెరిచినా, గోళ్ళ సందుల్లో నీలం దిగిన తోమా వేళ్ళు చాప్‌స్టిక్స్ పట్టుకున్నా, ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడదు. ఒసాకాలో ఉన్న మా అమ్మ ఈ మధ్య నా ఫోను ఎత్తగానే, “ఇవాళేం చూశావు, కప్పనా, మబ్బునా?” అని అడుగుతోంది.

“పట్టపగలు ఏంటా వేషాలు,” అంది అత్తయ్య, మొహం తిప్పుకుని నవ్వుతూ. “రేపు మధ్యాహ్నం ఇంటికి తీసుకొస్తున్నారట. మూడింటికి స్నానం. తువ్వాలు సిద్ధంగా ఉందా అని అడిగింది మామ్మగారు.”

“రేపా?” అన్నాడు తోమా.

ముగ్గురం ఒకేసారి చావడి వైపు చూశాం. రెండు వెదురు బద్దల మధ్య బిగించిన తెల్లటి నూలుబట్ట గాలికి కొంచెం కొంచెంగా ఊగుతోంది. దాని మీద కొంగ, తాబేలు, మధ్యలో తరతరాలుగా వచ్చే ఇంటి గుర్తు, అన్నీ జిగురు గీతలే. జిగురున్న చోట రంగు ఎక్కదు, కడిగేశాక తెల్లగా మిగులుతుంది. నీలం చుక్క కూడా ఇంకా తగల్లేదు.

మా ఒనోదాని లోయలో పురిటికి వచ్చిన కూతురు బిడ్డతో ఇంటికి చేరిన రోజు, ఆ ఇంట్లో చేయించే మొదటి స్నానానికి ఒక తువ్వాలు కావాలి. పుట్టింటివాళ్ళు పెట్టాలి. నీలం రంగు నూలుబట్ట, ఒక మూల మాత్రం ఎరుపు. ఎర్రమూలతో బిడ్డ మొహం తుడుస్తారు, మిగతా నీలంతో ఒళ్ళు. రెండూ కలపకూడదు. అందుకే ఆ ఎరుపు, మసక వెలుతురులో కూడా కంటికి ఆనుతుంది. అందానికి అనుకున్నాను నేను మొదట్లో. కాదని తెలిశాక ఇంకా అందంగా కనిపించింది.

ఇప్పుడెవరూ చేయించుకోవట్లేదు. బజార్లో కుందేలుపిల్లంత మెత్తటి తువ్వాళ్ళు జత కట్టి అమ్ముతుంటే, మొదట్లో గరుకుగా ఉండి ఉతికేకొద్దీ మెత్తబడే బట్ట కోసం ఎవరు ఆగుతారు? నాలుగేళ్ళ తర్వాత మా ఇంటికి వచ్చిన మొదటి పాప తువ్వాలు ఇదే. పైగా బట్ట షిగెనో మామ్మ సొంతం. ఆవిడ ఈ లోయకి కోడలిగా వచ్చిన ఏడాది, చలికాలమంతా కూర్చుని తన చేత్తో నేసింది. ఎప్పుడు వాడాలో తోచక అరవై ఏళ్ళు పెట్టెలో దాచింది. ఆ బట్ట మీద గీతలు గీసింది నేను.

మావయ్యగారు ఒసాకాలో ఓ పెద్ద దుకాణంలో జరుగుతున్న చేతిపనుల సంతకి వెళ్ళారు. వెళ్ళే ముందు తోమాతో అన్నారు, “ఆ తువ్వాలు అకిహో చేత గీయించు. గీత నీకంటే నిదానంగా వస్తోంది. గుర్తు కూడా తననే గీయమను.” నేను కోబెలో వాణిజ్యశాస్త్రం చదివి, నాలుగేళ్ళు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసిన మనిషిని. ఏ పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా ఆ మాట విన్నప్పుడు కలిగినంత గర్వం కలగలేదు.

“నాన్న మధ్యాహ్నం బస్సుకి వస్తాడు,” అన్నాడు తోమా. “వచ్చేదాకా ఆగితే అవదు. జిగురు ఎండింది. మూలకి ఎరుపు ముందే వేసి, దాని మీద కూడా జిగురు కప్పేశాం. బాన మంచి ఊపు మీదుంది. ఇప్పుడు మొదలుపెడితే సాయంత్రానికి రంగు పూర్తి. రేపు పొద్దున్న ఏట్లో జిగురు కడిగి ఆరేస్తే మూడింటికి అందుతుంది.”

“ఊపు మీదుందని ఎలా చెప్తావు?”

“రా, చూడు.”

మూత తీశాడు. బాన నడిమధ్య నీలి నురగ గుండ్రంగా పొంగి ఉంది. దాన్ని పువ్వు అంటారు ఇక్కడ. నీలి ఆకుని నెలల తరబడి మాగబెట్టి, బూడిద నీళ్ళు, గోధుమ తవుడు, కాస్త సారా పోసి బతికిస్తారు. పువ్వు పొంగితే లోపల ప్రాణం ఉన్నట్టు. పొంగకపోతే ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. నేను వచ్చిన కొత్తలో, ఇంట్లో ముసలివాళ్ళెవరైనా ఉన్నారేమో అనుకున్నాను, పొద్దున్నే అందరూ ‘ఎలా ఉందివాళ, రాత్రి బాగా పడుకుందా’ అని అడుగుతుంటే.

“చెయ్యి పెట్టి చూడు,” అన్నాడు తోమా.

“గోరువెచ్చగా ఉంది. నీ మెడలాగా.”

“నేనిక్కడే ఉన్నాను,” అంది అత్తయ్య వెనకనుంచి.

బట్టని చట్రానికి తగిలించి ఇద్దరం చెరోవైపు పట్టుకుని నెమ్మదిగా బానలోకి దించాం. జిగురు గీతలు బాన అంచుకి తగిలితే పగులుతాయి. అందుకని తోమా తన వైపు దించిన వేగమే నేనూ దించాలి, అతను ఊపిరి పీలిస్తే నేనూ పీల్చాలి. లోపల కాసేపు ఉంచి పైకెత్తాం. బయటికి వచ్చినప్పుడు అది నీలం కాదు. పాచి పట్టిన రాయిలా పచ్చగా ఉంటుంది. గాలి తగిలిన చోటనుంచి రంగు తిరగడం మొదలవుతుంది. ముందు అంచులు, తర్వాత మడతలు, ఆ తర్వాత మధ్య. చూస్తుండగానే పచ్చదనం జారిపోయి దాని కిందనుంచి నీలం పైకి వస్తుంది. ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ప్రతిసారీ నోరు తెరుచుకునే చూస్తాను.

“నోట్లో ఈగ పోతుంది,” అన్నాడు తోమా.

“పోనీ.”

మొదటి మునకకి లేత ఆకాశం. రెండో మునకకి కాస్త చిక్కబడింది. ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం. ఆరేలోపు నేను బియ్యపు ముద్దలు రెండు తెచ్చాను, లోపల ఊరబెట్టిన పుల్లరేగు పెట్టి. అరుగు మీద కూర్చుని తింటూ ఆ బట్టనే చూశాం. కొంగ రెక్కలు తెల్లగా నిలిచి, చుట్టూ నీలం పరుచుకుంటోంది. నడిమధ్య నేను గీసిన గంటపువ్వు, అయిదు రేకులూ విప్పుకుని కూర్చుంది.

“ఆ రేకుల మధ్య గీతలు చూడు,” అన్నాడు తోమా. “వెంట్రుకంత సన్నం. ఎక్కడా వణకలేదు. నాన్న చూస్తే నన్ను ఏట్లోకి తోసేసి నిన్నే కొడుకుని చేసుకుంటాడు.”

“అప్పుడు మన పెళ్ళి చెల్లదు.”

“అవును, అదొకటుంది.”

మూడో మునక ఎత్తుతుండగా మావయ్యగారు వచ్చారు. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో ఒసాకా మిఠాయి పొట్లం. బయట అత్తయ్య అప్పటికే అంతా చెప్పినట్టుంది, మొహం వెలిగిపోతోంది. బూట్లు విప్పకుండానే చావడిలోకి వచ్చారు. “మంచి పని చేశారు. ఆగకుండా మొదలెట్టారు. ఎత్తండి, చూద్దాం.”

ఎత్తాం. పచ్చదనం నీలంలోకి తిరుగుతోంది. ఆయన కొంగని చూసి తల ఊపారు. తాబేలుని చూసి చిన్నగా నవ్వారు. మధ్యకి వచ్చేసరికి కళ్ళు అక్కడే ఆగిపోయాయి. మిఠాయి పొట్లం మెల్లగా అరుగు మీద పెట్టారు.

“ఈ గుర్తు ఎవరిది?”

“షిగెనో మామ్మగారి ఇంటిదండీ,” అన్నాను.

“వాళ్ళ ఇంటి గుర్తు పులిచింతాకు. మూడు ఆకులు. ఈ పువ్వు ఎక్కడిది?”

నాకు చేతుల్లో బట్ట ఒక్కసారిగా బరువైపోయింది. “బట్ట తేవడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ బీరువా మీద కప్పిన గుడ్డ చూశానండీ. ఆవిడ పెళ్ళికి తెచ్చుకున్న మూటగుడ్డట. దాని మీద ఉంది. అది చూసే…”

“ఆవిడ పెళ్ళికి తెచ్చుకుంది ఆవిడ పుట్టింటి గుడ్డ. దాని మీద పుట్టింటి గుర్తు ఉంటుంది. ఆవిడ ఇప్పుడుంటున్న ఇంటికి దానికీ ఏం సంబంధం?” మావయ్యగారు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “ఇంటి గుర్తు కావాలంటే తలెత్తి చూడాలమ్మా. పైకప్పు కొసన పెద్ద పెంకు మీద ఉంటుంది. అక్కడ లేకపోతే సమాధి రాయి మీద ఉంటుంది. బీరువా మీద చూస్తారా ఎవరైనా?”

మేము చూస్తాం. అదే నేను చెప్పలేకపోయాను ముందు. మా ఒసాకా వైపు ఆడవాళ్ళకి వేరే గుర్తు ఉంటుంది. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి కూతురికి వస్తుంది. పెళ్ళయి ఏ ఇంటికి వెళ్ళినా అది మారదు. కూతురి కూతురికి పుట్టిన పాప కోసం మామ్మ ఒక గుడ్డ చేయిస్తోందంటే, దాని మీద మామ్మ గుర్తే ఉంటుందని నాకు ఎంత సహజంగా తోచిందంటే, అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. నీళ్ళు పల్లానికి పోతాయా అని ఎవరైనా అడుగుతారా?

అదంతా చెప్పాను. మావయ్యగారు ఓపిగ్గా విన్నారు. విని, తోమా వైపు తిరిగారు.

“తను ఒసాకా పిల్ల. నువ్వు ఈ లోయలో పుట్టలేదూ?”

“పుట్టాను నాన్నా.”

“ఆ ఇంటి ముందునుంచే కదా పన్నెండేళ్ళు బడికెళ్ళావు?”

“వెళ్ళాను. నేను గీత చూశాను నాన్నా, గుర్తు చూడలేదు. గీత అంత బాగుంటే…”

“పెళ్ళాన్ని చూశానని చెప్పు, ఇంకా అందంగా ఉంటుంది,” అంది అత్తయ్య గుమ్మంలోంచి. ఎవరూ నవ్వలేదు. అత్తయ్య కూడా.

మామూలు బట్ట అయితే కొత్తది తెచ్చి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇది ఆవిడ ఒక చలికాలమంతా కూర్చుని నేసిన బట్ట. ఇంకొకటి లేదు. నీలం దిగిపోయింది, వెనక్కి రాదు. ఏడవకూడదనుకున్నాను. ఏడిస్తే కన్నీళ్ళు జిగురు మీద పడతాయన్న భయం ఒకటి పట్టుకుంది.

“ఒక దారి ఉంది,” అన్నారు మావయ్యగారు. “గుర్తు మీద జిగురు ఒక్కటీ తడిపి గీకేద్దాం. మిగతా మునకల్లో ఆ చోటు కూడా నీలం పడుతుంది. కాస్త పాలిపోయిన మచ్చలా ఉంటుంది, కానీ తప్పు గుర్తు ఉండదు. కొంగ, తాబేలు ఉంటాయి. చాలు. వేరే ఇంటి గుర్తుతో మన దగ్గర్నుంచి గుడ్డ వెళ్ళడం నా వల్ల కాదు.”

చిన్న గిన్నెలో నీళ్ళు, వెదురు పుల్ల తెచ్చుకున్నారు. నన్ను గీకమనలేదు. అది ఆయన మంచితనం. బట్టని అరుగు మీద పరిచి, ఒక రేకు మీద వేలితో నీళ్ళు అద్దారు.

అప్పుడు వినబడింది బయట చక్రాల చప్పుడు. షిగెనో మామ్మ తోపుడుబండి. ఆవిడ ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఎక్కడికి వెళ్ళినా ఆ బండి తోసుకుంటూనే వెళ్తుంది. అలిసినప్పుడు దాని మీదే కూర్చుంటుంది. ఇవాళ బండిలో నల్లటి లక్క డబ్బా, దాన్నిండా ఎర్రగింజల అన్నం. శుభవార్త పంచడానికి స్వయంగా బయల్దేరింది.

“ఏరా సకుజీ, నీకు నా మునిమనవరాలి మీద ప్రేమ లేదు,” అంది లోపలికి వస్తూనే మావయ్యగారితో. “నేను ఫోను చేస్తే నువ్వు ఊళ్ళోనే లేవు. ఎక్కడికెళ్ళావు, మీసాలు అమ్ముకోడానికా?”

“పిన్నీ, కూర్చో,” అన్నారు మావయ్యగారు.

“కూర్చోను. కూర్చుంటే లేవలేను. నా గుడ్డ ఏది?”

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మావయ్యగారు పుల్ల పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని నేలకి తల ఆనించారు. “తప్పు జరిగింది పిన్నీ. మా ఇంట్లో జరిగింది కాబట్టి నా తప్పే. ఇంటి గుర్తు బదులు మీ పుట్టింటి గుర్తు పడింది. చెరిపేస్తున్నాను. నీలం కింద కలిసిపోతుంది. బట్ట పాడవదు.”

“చెరపడమేంట్రా, ముందు చూడనీ.”

ఆవిడ బండి బ్రేకు వేసి, దాని అంచు పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చింది. చావడిలో వెలుతురు చాలలేదు. “బయటికి పట్టండి,” అంది. నేనూ తోమా చెరో కొస పట్టుకుని వాకిట్లోకి తెచ్చాం. ఏటి మీదనుంచి వచ్చే గాలికి బట్ట నిండుగా పొంగింది. ఎండ జిగురు గీతల్లోంచి దూసుకువచ్చి నేల మీద తెల్లటి పువ్వు పడింది, అయిదు రేకులతో.

మామ్మ చూపుడువేలిని జిగురు అంటకుండా రేకుల చుట్టూ గాలిలో తిప్పింది.

“ఈ సన్నగీత,” అంది. “రేకు మధ్యలోది. ఇది ఉంటుందని నీకెవరు చెప్పారు?”

“మీ గుడ్డ మీద చూశానండి,” అన్నాను. “చాలాచోట్ల చిరిగింది గానీ ఒక్క రేకులో మిగిలుంది.”

“నలభై ఏళ్ళుగా దుమ్ము దులుపుతున్నాను. నాకే కనబడలేదు.” మావయ్యగారి వైపు తిరిగింది. “ఎందుకు వేసిందట ఇది?”

“వాళ్ళ వైపు ఆచారమట పిన్నీ. ఆడవాళ్ళ గుర్తు ఆడవాళ్ళకే పోతుందట. తల్లి నుంచి కూతురికి.”

“నిజమా కోడలుపిల్లా?”

“నిజమండి. మా అమ్మమ్మది మా అమ్మకి, మా అమ్మది నాకు వచ్చింది.”

“మరి మగవాళ్ళకేం మిగుల్తుంది?”

“పైకప్పండి.”

మామ్మ నవ్వింది. పళ్ళు కట్టించుకున్న నోటితో, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వి, బండి మీద కూర్చుంది, లేవలేనని తెలిసి కూడా.

“మా అన్న పోయాక కొండ మీద మా పుట్టిల్లు తీసేశారు,” అంది. “పెంకులు ఎవరు పట్టుకెళ్ళారో తెలీదు. సమాధి రాళ్ళు కూడా గుడివాళ్ళు తీసి అందరివాటితో కలిపేశారు. ఆ పువ్వు ఇంక ఎక్కడా లేదు, నా బీరువా మీద తప్ప. నేను పోయినప్పుడు ఆ గుడ్డ కూడా నాతోనే కాల్చేస్తారనుకున్నాను. వేరేగా ఏం చేస్తారు దాన్ని? ఈ లోయలో దానికి ఎవరూ లేరు.” బట్ట వైపు చూసింది. “నాకు కూతురు, కూతురికి కూతురు, దానికి మళ్ళీ కూతురు. ముగ్గురూ ఎదురుగా ఉండగా ఈ సంగతి తోచలేదు చూడు.”

“కానీ పిన్నీ,” అన్నారు మావయ్యగారు. “మీ ఇంటి నుంచి పెట్టే తువ్వాలు. మీ ఇంటి గుర్తు లేకపోతే మీ అల్లుడేమనుకుంటాడు? రేపు వియ్యాలవారు కూడా వస్తారు.”

“మా అల్లుడు ఇల్లరికం వచ్చాడు. తన ఇంటిపేరే మార్చుకున్న మనిషి, గుర్తు మారిందని నోరెత్తుతాడా? వియ్యాలవారు హిరోషిమా వాళ్ళు. వాళ్ళకి పువ్వూ ఆకూ తేడా తెలిస్తే నేను సంతోషిస్తాను.”

“పోయిన బాబాయి?”

ఆవిడ అక్కడ కాస్త ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, మొహంలో నవ్వు తగ్గింది. “ఆయన ఒప్పుకోడు,” అంది. “ఆయన ఉండగా ఈ మాట అడిగే ధైర్యం నాకుండేది కాదు. అరవై ఏళ్ళు ఆ పులిచింతాకు కిందే వండాను, అదే సమాధి రాయి కడిగాను. ఇకముందూ కడుగుతాను. ఇది ఒక్కటీ నాది. పటం ముందు రెండు అగరొత్తులు ఎక్కువ వెలిగించి చెప్పుకుంటాలే.”

మావయ్యగారు బట్ట దగ్గరికి నడిచి, తాను నీళ్ళు అద్దిన రేకుని వంగి చూశారు. జిగురు అంచు కొద్దిగా మెత్తబడింది. ఆయన మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు. ఆయన నలభై ఏళ్ళుగా చేస్తున్న పనిలో ఇది తప్పు. ఎవరు ఎంత నవ్వినా అది తప్పే. వేరే ఇంటి గుర్తుతో గుడ్డ పంపడం తన వల్ల కాదని ఆయన అన్నది మాటవరసకి కాదు.

“మా ఇంట్లో ఎప్పుడూ ఇలా వేయలేదు పిన్నీ,” అన్నారు.

“ఇప్పుడు ఒకసారి వేశామని చెప్పు. ఇక్కడెక్కడా నీ సంతకం ఉండదుగా. గుడ్డ నాది, పువ్వు నాది, పాప నాది. నువ్వు రంగు వెయ్యి. ఎలా వేస్తావో తెలుసా? ముదురుగా వెయ్యి. ఈ పాప పెద్దదై దాని కూతుర్ని తుడిచేటప్పుడు కూడా పువ్వు కనబడాలి. లేత నీలం అంటే ఊరుకోను.”

మావయ్యగారు ఏటి వైపు తిరిగారు. అవతలి ఒడ్డున పొలంలో ఎవరో నారు పోస్తున్నారు. తోమా నా వైపు చూడకుండా తన చేతిలోని కొసని గట్టిగా పట్టుకున్నాడు. బట్ట బిగిసి నా చేతికి తెలిసింది.

“హిసా,” అన్నారు మావయ్యగారు చివరికి, అత్తయ్యని పిలిచి. “ఆ జిగురు మిగిలిందా కాస్త?”

“మిగిలింది.”

“సన్న గొట్టంలో వేసి తే. ఈ రేకు అంచు మెత్తబడింది. సరిచేయకపోతే రంగు లోపలికి పాకుతుంది.” గొట్టం వచ్చింది. ఆయన దాన్ని తీసుకుని ఒక్క క్షణం చేతిలో తిప్పి, నాకు అందించారు. “నీ గీతలో నా గీత కలిస్తే తెలిసిపోతుంది. నువ్వే దిద్దు.”

ఊపిరి బిగబట్టి రేకు అంచు మీదుగా ఒకే గీత లాగాను. మామ్మ బండి మీదనుంచి మెడ సాచి చూసింది. జిగురు దేనికీ అంటుకోకుండా రంపంపొట్టు చల్లి, ఎండలో ఆరనిచ్చాం. ఆరేవరకూ అందరం అరుగు మీద కూర్చుని ఎర్రగింజల అన్నం తిన్నాం. ఉప్పు, నువ్వులు కలిపి పైన చల్లుకుంటే ఎంత బాగుంటుందో ఆ రోజే నాకు తెలిసినట్టనిపించింది. మావయ్యగారి మిఠాయి పొట్లం కూడా విప్పారు. మామ్మ రెండు తిని, మూడోది మాయు కోసమని రుమాల్లో కట్టుకుంది.

“పాప ఎలా ఉందండీ?” అని అడిగాను.

“ఎలా ఉంటుంది, ముడతల బంగాళదుంపలా ఉంది,” అంది మామ్మ. “నీకు పుట్టినప్పుడు నువ్వూ చూస్తావు. ఎవరికి పుట్టినా మొదట బంగాళదుంపే.” తోమాకి అన్నం పొలమారింది. అత్తయ్య వీపు మీద చరిచింది, కావలసినదానికంటే గట్టిగా.

మధ్యాహ్నమంతా బాన ఊపు తగ్గలేదు. ఈసారి ఒక కొస మావయ్యగారు పట్టుకున్నారు, రెండో కొస నాకే ఇచ్చారు. దించడం, ఎత్తడం, గాలికి చూపడం. ప్రతి మునకకీ పచ్చదనం నీలంలోకి తిరగడం. నేను నోరు తెరుచుకుని చూస్తూ, ఒకసారి పక్కకి తిరిగాను. ఆయన నోరు కూడా కొద్దిగా తెరుచుకునే ఉంది. నలభై ఏళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, అది ఆయనకి తెలియకుండా ఉండడానికి తల దించుకోవాల్సి వచ్చింది.

ఆఖరి మునక తర్వాత బట్ట నీలం కాదు, సంజె దాటిన ఆకాశం రంగు. దాని మధ్య జిగురు కింద గంటపువ్వు ఇంకా పూర్తిగా బయటపడలేదు. ఎర్రమూల కూడా జిగురు కిందే ఉంది, ఎలా వచ్చిందో కడిగితేనే తెలుస్తుంది. మామ్మ అంతవరకూ కదల్లేదు. తోమా, అత్తయ్య చెరో చెయ్యి పట్టుకుని లేపి నిలబెట్టారు. బండి తోసుకుంటూ వెళ్తూ, వాకిలి దాటాక ఆగింది.

“రేపు మూడింటికి స్నానం. తువ్వాలు పంపించకండి, మీరే తీసుకురండి. కోడలుపిల్లా, నా చేతులు వణుకుతాయి, మొహం తుడవడం నీ వంతు. గోళ్ళు కత్తిరించుకుని రా.”

నేను నా నీలం గోళ్ళు చూసుకున్నాను.

మావయ్యగారు బానకి తవుడు కాస్త వేసి, పొడవాటి కర్రతో కలిపి, మూత పెట్టారు. చేతులు తుడుచుకుంటూ చావడి మధ్యలో నిలబడ్డారు. ఏదైనా చెప్పబోయే ముందు అలవాటైనట్టు గొంతు సవరించుకున్నారు. మేం ముగ్గురం పని ఆపి చూశాం.

“రేపు తెల్లవారకముందే లేవాలి. అందరం ఏట్లోకి దిగుదాం. తోమా, నువ్వు దిగువ కొస పట్టు. హిసా, బ్రష్షులు నువ్వు చూసుకో. జిగురు కడగడంలో ఎగువ కొస ఇంటి పెద్దది, ఇన్నాళ్ళూ నేనే పట్టాను. రేపు అకిహో పట్టుకుంటుంది, నేను పక్కన నిలబడతాను. పదకొండుకల్లా ఆరాలి, మూడింటికి మామ్మ ఇంట్లో ఉండాలి.” ఆగారు. మళ్ళీ గొంతు సవరించుకున్నారు. “స్నానం అయ్యి ఇంటికొచ్చాక, అకిహో, ఓ కాగితం తీసుకుని నా దగ్గర కూర్చో. మీ అమ్మ వైపు గుర్తు గీసి చూపించు. నాకెప్పుడూ వేసిన అలవాటు లేదు. ఇప్పట్నుంచీ చెయ్యి తిప్పుకుంటే కానీ, మనింటికే కావలసినప్పుడు రాదు.”